ఊరి గుడి - ఊరందరి వంతు

విజయవాడ నుండి బందరు కాలువ గట్టుననైనను, రైవసు కాలువ గట్టుననైనను, ఏలూరు కాలువ గట్టుననైనను దిగువకు పోవువారికి గ్రామగ్రామమునను రెండు విధములైన గుడులు కానవచ్చును. ఒకటి ఊరి నడుమ ధ్వజస్తంభముతో శివునకో, కేశవునకో కట్టిన ఆలయము. రెండవది ఊరి చివర వేపచెట్టు క్రిందనో, చెరువు గట్టుననో, డొంక ప్రక్కనో ఉండు చిన్న గుడి. ఇందలి దేవత పేరు ఊరూరికి మారును. గంగానమ్మ, పోలేరమ్మ, ముత్యాలమ్మ, అంకమ్మ, మహాలక్ష్మమ్మ - పేరేదైనను అందరును పిలుచునది అమ్మవారనియే. మొదటి గుడిని సాధారణముగా ఏ రాజో, జమీందారో, కలిగిన భక్తుడో కట్టించి ధూపదీప నైవేద్యములకు మాన్యము లేర్పరచి యుండును. రెండవ గుడికి పెక్కుచోట్ల శాసనములు లేవు, మాన్యములును లేవు. దానిని నిలిపినది ఊరు. నేటికిని నిలుపుచున్నది ఊరే. ఈ చిన్న గుడి గ్రామజీవనమున నిర్వహించుచు వచ్చిన కార్యమెట్టిది, నేడది ఏ స్థితిలో నున్నది అను విషయమును శ్రోతలకు విన్నవించుట మా యుద్దేశము.

గ్రామదేవత భయమునుండి పుట్టినదని పలువురు చెప్పుదురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. మశూచికము సోకినపుడు మన పల్లెలలో ఎవరును దానిని రోగమని పేర్కొనెడివారు కారు, అమ్మవారు పోసినదనెడివారు. వాంతిభేది ప్రబలినను, వానలు కురియకున్నను, కృష్ణ పొంగి చేలు మునిగినను ఊరు ఊరంతయు ఆ వేపచెట్టు వైపే చూచెడిది. 1832-33 నాటి కరవులో గుంటూరు సీమ జనశూన్యమైనంత పని యైనది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు పరిసరములందు సుమారు 30 వేల మంది మరణించిరి. వైద్యము, వార్త, రహదారి లేని ఆ దినములలో, ఇట్టి నేలపై బ్రతుకువారు తమ కంటె పెద్దదైన శక్తిని వేడుకొనుటలో వింత లేదు.

అయితే ఆ భయములలో కొన్ని తొలగి చాలకాలమైనది. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట వలనను, 1957లో దాని స్థానమున నిలిచిన ప్రకాశం బరాజు వలనను డెల్టాకు సాగునీరు స్థిరపడినది. టీకాల వలన 1975 తరువాత మన దేశమున మశూచికము లేదు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి భూమిపైననే లేదని ప్రకటించినది. రోగము పోయినది గాని అమ్మవారు పోలేదు. ఆమె గుడులు పాడుపడుటకు మారుగా సిమెంటుతో, రంగులతో క్రొత్తగా లేచుచున్నవి. జాతరలు మునుపటికంటె ఘనముగా జరుగుచున్నవి. భయమొక్కటే మూలమైనచో ఇట్లు జరుగుటకు వీలులేదు. కావున ఈ గుడి చేయుచు వచ్చిన పని వేరొకటి ఉండవలెను. ఊరిలోని ప్రతి గడపకును ఒక వంతును, ఒక విధిని కేటాయించి, ఏడాదికొకసారియైనను అందరి చేతను ఒక్క పని చేయించుటయే ఆ పని యని మేము తలంచుచున్నాము.

ముందుగా గుడి స్వరూపమును చూతము. పాతకాలపు అమ్మవారి గుడిలో చెక్కిన విగ్రహము లేకపోవుట సాధారణము. పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన రాయి, ప్రక్క నొక చిన్న దీపపు గూడు, ఎదుట అమ్మవారి తమ్ముడని చెప్పెడి పోతురాజు రాయి - ఇంతియే. ఊరి నడుమ పాతిన బొడ్డురాయి గ్రామమునకు నాభి యైనచో, పొలిమేరయందలి ఈ గుడి గ్రామమునకు కావలి. పొలిమేర యనగా కేవలము భూమికి హద్దు మాత్రమే కాదు. ఎవరి కష్టసుఖములకు ఎవరు పూచీపడవలెను అనుదానికి కూడ అది హద్దు. ఆ గీటు లోపలనున్నవారందరును అమ్మవారి బిడ్డలు. వారిలో ఒక్కరిని విడిచినను పూజ పూర్తికాదు.

జాతర జరుగు తీరు పరిశీలించినచో ఈ సంగతి స్పష్టపడును. కొన్ని ఊళ్ళలో ఆషాఢ శ్రావణములలో నాట్ల వేళకును, కొన్నింట మాఘ ఫాల్గుణములలో పంట ఇంటికి చేరిన పిదపను జాతర చేయుదురు. పెద్దలు కూర్చుండి దినము నిశ్చయింతురు. డప్పుతో చాటింపు వేయింతురు. చాటింపు పడినది మొదలు జాతర ముగియువరకు ఊరివారు పొలిమేర దాటి రాత్రి నిలువరాదని పలుచోట్ల కట్టుబాటు. తరువాత ఘటము బయలుదేరును. పసుపు కుంకుమలతోను వేపమండలతోను అలంకరించిన కుండను తలకెత్తుకొని ఇంటింటికిని త్రిప్పుదురు. ప్రతి ఇంటి ఇల్లాలును వాకిట ముగ్గు వేసి, ఘటము మోయువారి పాదములపై బిందెతో పసుపునీరు పోసి, బియ్యమో ధాన్యమో సమర్పించును. ఇంటి పేరు పిలువనక్కరలేదు. ఘటము నిలిచిన వాకిలి ఊరిలోనిది, నిలువని వాకిలి ఊరికి బయటిది. జనాభా లెక్కల అధికారి పదేండ్లకొకసారి చేసెడి పనిని ఈ మట్టికుండ ఏటేట చేసెడిది.

ఈ కార్యములో ఎవరి పని వారిది. ఘటమునకు కుండ చేసి యిచ్చువాడు కుమ్మరి. కొన్ని ఊళ్ళలో పూజారియు అతడే. దివిటీ పట్టుట, దారిలో నడ బట్ట పరచుట చాకలి పని. అనేక గ్రామములలో పోలేరమ్మ పూజ కూడ ఆ కులమువారి చేతులలోనే యున్నది. కొయ్య ప్రతిమ కావలెనన్నచో వడ్రంగి, సన్నాయి కావలెనన్నచో మంగలి, డప్పు కావలెనన్నచో మాదిగవారు రావలెను. అమ్మవారి కథను రాత్రి తెల్లవార్లు పాడుటకు ఆసాదులు, పంబలవారు, జమిడికతో బైండ్లవారు రావలెను. వేదమంత్రము తెలిసిన పురోహితుడు లేకున్నను జాతర సాగును; వీరిలో ఎవరు రాకున్నను సాగదు. సంవత్సరములో 364 దినములు వాకిట నిలువబడి మాటలాడు మనిషి ఆ ఒక్క దినమున ఊరేగింపునకు ముందు నడచును. ఆ గౌరవము ఒక్క దినమునకే పరిమితమగుట న్యాయమా యను ప్రశ్న మేము ముందు ముందు ఎత్తుకొందుము. ప్రస్తుతము గమనింపవలసినది, ఒకరి నొకరు విడిచి నడువలేని అమరిక ఈ గుడి చుట్టును ఉండెడిదనుట.

జాతరకు ఊరి ఆడపడుచులందరును పుట్టింటికి రావలెను. అల్లుండ్రను, మనుమలను వెంటబెట్టుకొని, చీర సారెలతో వచ్చి వారు అమ్మవారికి చలిమిడి, వడపప్పు, పొంగలి నివేదింతురు. ఆస్తి పంపకములలో మాట పట్టింపులు వచ్చి రాకపోకలు మానుకొన్న అన్నదమ్ములు, అప్పచెల్లెండ్రు తిరిగి పలుకరించుకొనుటకు పల్లెలలో ఇంతకంటె మంచి సందర్భము లేదు. జాతరకు ముందు ఊరి తగవులు తీర్చుకొనవలెనను నియమము పెక్కు గ్రామములలో కలదు. రెండు పక్షములు రాజీపడనిచో జాతర ఆగిపోవును. ఏండ్ల తరబడి జాతర ఆగిన ఊరు తనలో తాను చీలిన ఊరని చుట్టుప్రక్కల గ్రామములకు చెప్పకయే తెలియును. పంచాయతి కాగితములు చెప్పజాలని సంగతిని ఆ మూతపడిన గుడి తలుపు చెప్పును.

ఇప్పుడు డెల్టాలోను, దాని అంచునను నున్న కొన్ని ప్రసిద్ధ స్థలములను తీసికొందము. విజయవాడ - మచిలీపట్నం రహదారిపై నున్న ఉయ్యూరు చక్కెర కర్మాగారమునకు పేరు పొందినది. ఆ ఊరికి అంతకు ముందునుండియు గల పేరు వీరమ్మతల్లి తిరునాళ్ళ వలన వచ్చినది. మాఘ శుద్ధ ఏకాదశినాడు మొదలై ఆ తిరునాళ్ళ 15 దినములు సాగును. వీరమ్మ పురాణములలోని దేవత కాదు. ఆ ఊరి కోడలు. భర్త హత్యపాలు కాగా ఆమె అతనితో సహగమనము చేసినదని జనులు చెప్పుకొందురు. ఇట్టి స్త్రీని మనవారు పేరంటాలు అందురు. తిరునాళ్ళ మొదటి దినమున అమ్మవారు మెట్టినింటి నుండి బయలుదేరి, ఊరేగి, ఊయల స్తంభముల యొద్ద ఊయలలూగి గుడికి చేరును. తిరునాళ్ళ ముగిసిన పిదప మరల మెట్టినింటికి వచ్చును. స్త్రీలు గండదీపములు మోసి మ్రొక్కులు చెల్లింతురు. శిడిబండి వేడుకలో ప్రక్కనున్న గండిగుంట గ్రామపు దళిత యువకునికి ముఖ్యస్థానము. పూర్వము మన దేశమున శిడి యనగా మనిషి వీపున కొక్కెము గ్రుచ్చి గాలిలో త్రిప్పుట; నేడిచ్చట యువకుని బుట్టలో కూర్చుండబెట్టుదురు. ఆచారము మారినను వేడుక నిలిచినది. సహగమనమును మద్రాసు ప్రభుత్వము 1830లోనే నిషేధించినది. అన్యాయమునకు గురియైన ఒక కోడలిని ఊరు మరువకుండుట వేరు, ఆమె చావును ఆదర్శముగా చెప్పుట వేరు. మొదటిది నిలుపుకొనదగినది, రెండవది విడువదగినది.

మునేటి ఒడ్డున నున్న పెనుగంచిప్రోలు డెల్టాకు ఎగువనున్న మెట్టసీమలోనిది. అయినను డెల్టా గ్రామములనుండి అచ్చటికి పోవు యాత్రికులకు లెక్కలేదు. అచ్చటి తిరుపతమ్మయు మానవకాంతయే. గోపినేనిపాలెములో పుట్టి, పెనుగంచిప్రోలు గోపయ్యకు భార్యయై, అత్తింటి ఆరళ్ళకు గురియైనది. కుష్ఠువ్యాధి సోకగా ఆమెను గొడ్లచావడిలో ఉంచిరనియు, పాపమాంబ యను స్త్రీ ఒక్కతె ఆమెకు సేవ చేసినదనియు, పశువులను మేపబోయిన గోపయ్య పులివాత పడగా తిరుపతమ్మ యోగాగ్నిలో లీనమైనదనియు స్థలకథ. మాఘ పూర్ణిమకు పెద్ద తిరునాళ్ళ, కల్యాణము జరుగును. ఫాల్గుణ పూర్ణిమకు చిన్న తిరునాళ్ళ. రెండేండ్లకొకసారి గుడిలోని కొయ్య విగ్రహములను రంగులు వేయించుటకు జగ్గయ్యపేటకు తీసికొనిపోయి, తిరిగి ఊరేగింపుగా తెత్తురు. దారి పొడవునను గ్రామములు ఎదురేగి హారతులిచ్చును. విగ్రహము రాతిది గాక కొయ్యది యగుటచే దానిని కాపాడుకొనవలెను. కాపాడుకొనవలెనన్న రెండు ఊళ్ళు, దారిలోని పల్లెలు కలిసి నడువవలెను.

ఈ కథలో ఇంకొక విశేషము కలదు. రోగికి సేవ చేసిన పాపమాంబ సంతతివారే అమ్మవారి పూజారులైరని చెప్పుదురు. అందరును అంటరానిదని విడిచిన మనిషిని ముట్టుకొన్న చేతికే పూజార్హత లభించినదన్నమాట. కుష్ఠురోగిని చూచి తలుపు మూసుకొను కాలములో ఊరు తనకు తాను చెప్పుకొన్న నీతి యిది. అత్తలును కోడండ్రును ఒక్క వరుసలో నిలిచి ఆ గుడిలో మ్రొక్కునపుడు, ఈ కథ ఇద్దరికిని తెలిసియే యుండును.

మూడవది కొల్లేటికోట. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న కొల్లేటి సరస్సులో, కైకలూరు సమీపమున, ఈ లంక గ్రామమున పెద్దింట్లమ్మ వెలసినది. 2022లో జిల్లాల విభజన జరుగువరకు ఇది కృష్ణా జిల్లాలోనిది. నేడు ఏలూరు జిల్లాకు చేరినది. ఫాల్గుణమాసమున జాతర జరుగును. ఆ దినములలో జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణమును చేయుదురు. నాటు పడవలపై బిడ్డలను, కోళ్ళను, పొంగలి కుండలను ఎక్కించుకొని భక్తులు సరస్సు దాటి వచ్చెడి దృశ్యమును పెద్దలు నేటికిని చెప్పుకొందురు. సరస్సు బెస్తలకు వేటనిచ్చును, రైతులకు పంటనిచ్చును, వరదలో ఇద్దరిని ముంచును. చేపకు నీరు నిలువవలెను. పైరుకు నీరు తీయవలెను. ఈ వైరుధ్యము నడుమ బ్రతుకు లంకవాసులందరికిని ఒక్క గుడి ఉండుట చిన్న విషయము కాదు.

ఇక విజయవాడ ఇంద్రకీలాద్రిపైనున్న కనకదుర్గమ్మ గుడి. రాష్ట్రములోని పెద్ద ఆలయములలో నొకటైన దీనిని గ్రామదేవతల ప్రసంగములో చేర్చుట యెట్లని కొందరికి తోచవచ్చును. కాని ఈ కొండకు వచ్చు జనప్రవాహమును పరిశీలింపుడు. ఆషాఢమున చుట్టుప్రక్కల స్త్రీలు బృందములుగా పసుపు, కుంకుమ, చీర, గాజులతో అమ్మకు సారె తెత్తురు. తమ ఊరి ఆడపడుచునకు పెట్టినట్లే దుర్గమ్మకును పెట్టుదురు. అదే మాసమున శాకంబరీ ఉత్సవములలో కూరగాయలతో, ఆకుకూరలతో, పండ్లతో ఆలయమంతయు అలంకరింపబడును. దసరా నవరాత్రములలో అలంకారములు, విజయదశమినాడు కృష్ణలో హంసవాహనముపై తెప్పోత్సవము, తరువాత ఎఱ్ఱని వస్త్రములు ధరించి దీక్ష పట్టిన భవానీల రాక - ఇవన్నియు ఆగమవిధికి తోడుగా పల్లెల జాతర తీరును నగరమునకు తెచ్చినవి. పొలిమేర గుడి భాషయే కొండపైనను వినబడును. అదే నగరమున గుణదల కొండయొద్ద ప్రతి ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు మేరీమాత ఉత్సవములకు క్రైస్తవులతోపాటు ఇతరులును పోయి కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలు సమర్పించుట చూచినచో, అమ్మ యొద్దకు పోవు త్రోవ మనవారికి ఒక్కటే రీతిగా తెలియునని బోధపడును.

తిరునాళ్ళ పూజతో ముగియదు. గాజుల అంగళ్ళు, చెరకు గడల బండ్లు, కొండపల్లి బొమ్మలు, రంగులరాట్నములు గుడిచుట్టును వెలయును. పల్లె పిల్లవానికి సంవత్సరములో చేతికి నాలుగు డబ్బులు దొరకు దినమది. హరికథలు, బుఱ్ఱకథలు, పద్యనాటకములు, కూచిపూడి భాగవతుల మేళములు ఇట్టి గుడుల ముంగిళ్ళలోనే జనము నెదుట నిలిచి పెరిగినవి. నాటకశాల లేని ఊరికి గుడి ముంగిలి నాటకశాల. సత్రము లేని ఊరికి గుడి పందిరి సత్రము.

ఇంతవరకు చెప్పినది ఈ గుడి సుగుణము. దీనికి రెండవ ప్రక్కయు కలదు; దానిని దాచుట సత్యమునకు ద్రోహము. ఎవరి పని వారిదను అమరికలో కొందరికి గౌరవము, కొందరికి వెట్టి వంతు వచ్చినవి. డప్పు లేనిది జాతర లేదు. కాని డప్పు కొట్టువాడు గుడి మెట్టు ఎక్కరాదు. ఘటము అన్ని వీధులు తిరుగును. పెక్కు గ్రామములలో పల్లెకు, గూడెమునకు మాత్రము పోదు. అచ్చటివారికి వేరే గుడి, వేరే జాతర. ఊరందరి తల్లి అని చెప్పుచునే ఊరిని రెండు చేసిరి. 1947లో మద్రాసు ఆలయప్రవేశ చట్టము వచ్చి హిందువులందరికిని గుడి తలుపులు తెరచినది. 1950లో రాజ్యాంగము అంటరానితనమును రద్దుపరచినది. ఆ సంవత్సరముననే జంతు, పక్షి బలులను గుడులలో నిషేధించు చట్టము కూడ వచ్చినది. ఈ చట్టములు అమలైనంతవరకు మంచియే జరిగినది. అమలు కానిచోట ఊరేగింపు ఏ వీధి మలుపు తిరుగవలెను అను ప్రశ్నపై నేటికిని తగవులు పుట్టుచున్నవి. గుడి ఊరి అద్దము. ఊరిలో నున్న మచ్చ అద్దములో కనబడకపోదు.

పరిపాలన విషయమున వచ్చిన మార్పులను కూడ చెప్పవలెను. గ్రామసేవకు, గుడి సేవకు ఇచ్చిన ఇనాము భూములు 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో రూపు మారినవి. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. జాతర దినము నిర్ణయించు పెద్దరికము వారితోనే పోయినది. 1951, 1966 సంవత్సరముల దేవాదాయ చట్టముల పిదప 1987లో వచ్చిన 30వ చట్టము ధర్మకర్తృత్వమునందును, అర్చకత్వమునందును వంశపారంపర్యపు హక్కులను తొలగించినది. 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టమును సమర్థించినది. 2007లో చేసిన సవరణ అర్చక కుటుంబములకు కొంత వెసులుబాటు కలిగించినది. ఆదాయము గల గుడులకు లెక్కలు, తనిఖీలు ఏర్పడినవి. ఆస్తులు అన్యాక్రాంతము కాకుండుటకు ఆధారము దొరకినది. అయితే ఉత్సవము ఎట్లు జరుగవలెనో నిర్ణయించు అధికారము ఊరి రచ్చబండ నుండి కార్యాలయపు బల్లకు పోయినది. ఆదాయము లేని చిన్న గుడిని మాత్రము ఇప్పటికిని ఊరే చూచుకొనవలెను.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చినది కాదు. జపాను దేశమున ప్రతి పల్లెకును షింటో మతమునకు చెందిన చిన్న గుడి ఉండును. దానిని వారు జింజా అందురు. ఆ ఊరి దేవతను ఉజిగామి యనియు, ఆ దేవత నీడన బ్రతుకువారిని ఉజికో యనియు వ్యవహరింతురు. గుడిచుట్టును పెద్ద చెట్ల తోపు. ఉత్సవదినమున యువకులు దేవత పల్లకిని భుజములపై మోసి వీధులు త్రిప్పుదురు. కొన్ని పల్లెలలో ఉత్సవభారము ఏటేట ఒక్కొక్క ఇంటికి వంతుగా వచ్చును. మన ఘటమునకును, మన పొలిమేర వేపచెట్టునకును వారి ఆచారము ఎంత దగ్గరయో శ్రోతలు గమనింతురుగాక. 1906లో ఆ దేశపు ప్రభుత్వము చిన్న గుడులను పెద్ద గుడులలో కలుపవలెనని పూనుకొన్నది. అంతకు ముందు లక్షా తొంబది వేలకు పైగా నున్న గుడులలో పదేండ్లలోపల సుమారు 70 వేలు మాయమైనవి. అనేకచోట్ల తోపులను నరికి కలపగా అమ్మిరి. మినకత కుమగుసు అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు దీనిని గట్టిగా ప్రతిఘటించెను. గుడి పోయినచో పల్లెవారి కూడిక పోవుననియు, తోపు పోయినచో అందలి జీవరాశి పోవుననియు ఆయన వాదము. లెక్కకు సులువని చిన్నదానిని పెద్దదానిలో కలిపినపుడు పోవునదేదో ఆయన నూరేండ్లకు పూర్వమే చూపెను.

మనకు నేడు వచ్చినది ప్రభుత్వము గుడులు కలుపుట వంటి ఆపద కాదు. ఇది నెమ్మదిగా వచ్చుచున్నది, పైకి శుభముగా కనబడుచున్నది. దీనిని రెండు మాటలతో చెప్పవచ్చును: చందా, విరాళము. చందా యనగా గడపకింత యనియో, ఎకరమునకింత యనియో ఊరు నిర్ణయించి అందరియొద్దను వసూలు చేయునది. లేనివాడు ధాన్యమిచ్చును, అదియు లేనివాడు పందిరికి తాటాకులు మోయును. ఏదో ఒకటి ఇచ్చిన పిదప గుడి అతనిది. విరాళ మనగా కలిగిన ఒక్కడు ఇచ్చునది. డెల్టా పల్లెలనుండి విజయవాడకును, హైదరాబాదుకును, అమెరికాకును వెళ్ళినవారు పుట్టిన ఊరిపై ప్రేమతో పెద్ద మొత్తములు పంపుచున్నారు. పాత గూడు స్థానమున నునుపురాతి నేలతో గోపురము లేచుచున్నది. దాత పేరు పాలరాతిపై చెక్కబడుచున్నది. వారి భక్తిని మేము శంకించుట లేదు. కాని ఒక్కరి విరాళముతో అంతయు జరిగిన చోట చందా అడుగుట మానివేసిరి. చందా అడుగనివానికి వంతు లేదు; వంతు లేనివాడు చూచువాడు మాత్రమే. పూర్వము జాతర చేసిన ఊరు నేడు జాతర చూచుచున్నది. ఘటము వచ్చినపుడు తాళము వేసియున్న ఇండ్లు ఏటేట పెరుగుచున్నవి. ఆసాది పాటకు బదులు చెవులు చిల్లులు పడు యంత్రపు ధ్వని వినబడుచున్నది. తెల్లవార్లు పాడుటకు నేర్చినవారి సంఖ్య తగ్గుచున్నది.

కావున చేయదగినదేమి? పాత అమరికను ఉన్నదున్నట్లు నిలుపవలెనని మేము చెప్పము. అందులో మానవగౌరవమునకు తగని భాగము కలదు. పాతదంతయు పోవలెనని చెప్పము. అందులో ఊరిని ఊరుగా కట్టియుంచిన ముడి కలదు. మూడు నాలుగు పనులు ఏ ఊరివారికైనను సాధ్యములే. ఎంత పెద్ద దాత యున్నను, ప్రతి గడపనుండి చిన్న చందా తప్పక తీసికొనవలెను. అది రూపాయియైనను సరియే, గుప్పెడు బియ్యమైనను సరియే. ఘటము ఊరిలోని ప్రతి వీధికిని, పల్లెకును, గూడెమునకును పోవలెను. ముందు ఏ వీధి యను మాట వంతుల ప్రకారము మారవలెను. డప్పు కొట్టుట, దివిటీ పట్టుట, ఘటము మోయుట ఒక కులపు వెట్టిగా గాక, నేర్చినవారు, ఇష్టపడినవారు తగిన ప్రతిఫలముతో చేయు గౌరవకార్యములు కావలెను. పాపమాంబ కథ చెప్పునదియు ఇదియే: పూజకు అర్హత పుట్టుకవలన గాక సేవవలన కలుగును. జాతర ముగిసిన మరునాడు గుడి ముంగిట అందరి ఎదుటను లెక్క చదువవలెను. ఆసాదుల, పంబలవారి కథలను వారుండగనే ధ్వనిముద్రణ చేసి, పిల్లలకు నేర్పించవలెను. గుడిని పెంచుటకని వేపచెట్టును కొట్టరాదు.

డెల్టా నేల కాలువలతో బ్రతుకునది. కాలువ నీరు తలకట్టు రైతునుండి చివరి రైతు వరకు వంతుల ప్రకారము పోవలెను. తలకట్టువాడు అంతయు మళ్ళించుకొన్నచో చివరి చేను ఎండును. ఆ సంగతి మన రైతులకు ఎవరును నేర్పనక్కరలేదు. ఊరి గుడియు అట్టిదే. దాని వంతు చివరి గడప దాక చేరినంతకాలము అది ఊరి గుడి; చేరనినాడు ఎంత ఎత్తు గోపురమున్నను, దానిని కట్టినవాని గుడి మాత్రమే. రాబోవు మాఘ ఫాల్గుణములలో తమ ఊరి పెద్దలు జాతరకు దినము నిర్ణయించుటకు కూర్చుండునపుడు, మన శ్రోతలు ఈ ఒక్క ప్రశ్నను అచ్చట వినిపింపవలెనని కోరుచున్నాము: ఈ యేడు ఘటము ఏ వాకిలి దాటిపోవుచున్నది?